తేలికైన స్టాండు: గుట్టలెక్కు సోదరీమణులకు

వానలు వెనుకబట్టి, చెఱువులు నిండి, తంగేడు పూచు దినములు వచ్చినంతనే మన వరంగల్లు, హనుమకొండ ప్రాంతములలో గుట్టలకును జలపాతములకును ప్రయాణములు మొదలగును. ఆ దినములలో మాకందు ఉత్తరములలో పచ్చళ్లను గూర్చియు కుట్టుపనులను గూర్చియు అడుగువానితోబాటు, ఇటీవల మఱియొక ప్రశ్నయు తఱచుగా కనబడుచున్నది. "మా యింట కెమేరా కలదు. గుట్ట యెక్కునప్పుడు దానికొక స్టాండు కావలెనా? కావలెనన్నచో ఎట్టిది కొనవలెను? దుకాణదారు చూపినది మోయలేనంత బరువుగా నున్నది" అని సోదరీమణులు వ్రాయుచున్నారు. ఒకరిద్దఱు కాక పలువురు అడిగిన ప్రశ్న గావున, ఈ నెల దానికే సమాధానము వ్రాయుచున్నాము. దుకాణములలో దీనిని ట్రైపాడు అందురు. మన ఫొటో స్టూడియోలవారు స్టాండు అందురు. మేమును స్టాండనియే వ్రాసెదము.

ఇది చిన్న విషయమని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. ఇంటిల్లిపాది గుట్టకు బయలుదేఱునప్పుడు పురుషుల చేతిలో బండి తాళపుచెవియు, స్త్రీల చేతులలో తక్కినవన్నియు నుండుట మన యిండ్లలో వింత కాదు. నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, పిల్లవాని బట్టల సంచి, సగము దారిలో అలసిన పిల్లవాడు - ఇవన్నియు గృహిణి భుజము మీదనే చేరును. వాని పైన మూడు కిలోల స్టాండును తగిలించినచో జరుగున దేమి? మొదటి ప్రయాణమున దానిని మోయును. రెండవ ప్రయాణమున ఇంట విడుచును. మూడవనాటికి అది అటుక యెక్కును. స్టాండు లేనిదే బాగుగా రాదని కెమేరాయు దాని వెంబడినే అటుక యెక్కును. ఒక స్త్రీకి తనకై తాను నేర్చుకొనిన చిన్న వేడుక యొకటి అట్లు అంతమగును.

ఇంకొక సంగతియు కలదు. ఏ యింటి ఫొటోల పుస్తకమునైనను తెఱచి చూడుడు. కెమేరా పట్టుట తల్లి నేర్చిన యింట, పిల్లలు కనబడుదురు, తండ్రి కనబడును, అత్తగారు కనబడుదురు. తల్లి మాత్రము కనబడదు. అన్ని ఫొటోలును తీసినది ఆమెయే గదా! పదియేండ్ల తరువాత పిల్లలు "అమ్మా, నీ వెచ్చట నుంటివి?" అని యడిగినచో చూపుటకు ఏమియు మిగులదు. ఆమె పిల్లల నడుమ కూర్చుండగా కెమేరాను కదలక పట్టుకొనునది స్టాండొక్కటే. కావున అది సోకు వస్తువు కాదు.

ఫొటో తీయుటకును స్త్రీలకును గల సంబంధము మన దేశమున క్రొత్తది కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) 1892లో హైదరాబాదునందు ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పెను. దాని నిర్వహణ కెనీ-లెవిక్ అను దొరసానిది. పురుషుల కంటబడకుండ స్త్రీలు అచ్చటికి వచ్చి ఫొటో తీయించుకొనుచుండిరి. ఆ కాలపు కెమేరాలు కొయ్యపెట్టెలు; గాజుపలకల మీద ఫొటోలు తీసెడివారు. వానిని నిలుపుటకు బరువైన కొయ్యకాళ్లు కావలసియుండెను, మోయుటకు కూలీలుండిరి. నేడు మన చేతిలోని ఫోను సుమారు 200 గ్రాములు. లెన్సుతోకూడిన చిన్న కెమేరా కిలోకు లోపల. బరువు తగ్గినది గాని కూలీలు లేరు. మోయువారును తీయువారును మనమే. కావున స్టాండును ఎన్నుకొను పద్ధతియు మాఱవలెను.

అసలు స్టాండెందుకు? వెలుతురు తక్కువగా నున్నప్పుడు కెమేరా తన కన్నును ఎక్కువసేపు తెఱచియుంచవలెను. అంతసేపును మన చేయి కదలక యుండదు. చేయి కదలినచో చిత్రము అలికినట్లగును. పాతకాలపు లెక్క యొకటి కలదు. పూర్తి ఫ్రేము కెమేరాలో 50 మిల్లీమీటర్ల లెన్సు వాడునప్పుడు సెకనులో 50వ వంతుకంటె, 200 మిల్లీమీటర్ల లెన్సు వాడునప్పుడు సెకనులో 200వ వంతుకంటె ఎక్కువసేపు తెఱచినచో చేతితో పట్టుట ప్రమాదము. నేటి కెమేరాలలోను ఫోనులలోను చేతి వణకును సరిదిద్దు ఏర్పాటులున్నవి గావున ఈ లెక్కను కొంత మీఱవచ్చును. కాని జలపాతపు నీరు పాలధారవలె కనబడుటకు సెకనులో నాలుగవ వంతు మొదలు ఒక సెకను వఱకును, రాత్రి నక్షత్రములకు పది పదునైదు సెకనులును తెఱచియుంచవలెను. అంతసేపు చేయి నిలువదు.

కాళ్లు మూడే యుండుటకు కారణము మన వంటయింటనే కలదు. మూడు రాళ్ల పొయ్యి ఎట్టి మిట్టపల్లములందు పెట్టినను కుండ ఊగదు. నాలుగు కాళ్ల కుర్చీ గచ్చు కొంచెము వంకరగా నున్నను టకటకలాడును. మూడు కొనలు ఎల్లప్పుడును ఒకే తలమును తాకును; నాలుగవది వచ్చినచో తగవు వచ్చును. గుట్టమీద సమతలమెచ్చట దొరకును? కావుననే మూడు కాళ్లు.

ఇక మన చుట్టుప్రక్కల స్టాండు ఎచ్చట కావలెనో, ఎచ్చట అక్కఱలేదో చూతము. కొనుటకు ముందు ఈ ఆలోచన చేయనివారే బరువైనది కొని తరువాత విచారపడుదురు.

వరంగల్లు కోటలోని ఏకశిల గుట్టను పట్టపగలు ఎక్కువారికి స్టాండుతో పని లేదు. ఎండలో కెమేరా సెకనులో వెయ్యవ వంతునకే పని ముగించును. అదే గుట్టమీదినుండి సూర్యాస్తమయము తరువాత పట్టణపు దీపములను తీయగోరినచో ఆధారము కావలెను. పద్మాక్షి గుట్ట క్రింద సద్దుల బతుకమ్మనాటి రాత్రి వేలకొలది స్త్రీలు చేరుదురు. అచ్చట వెలుతురు తక్కువయే. కాని కాళ్లు చాచిన స్టాండును ఆ గుంపులో నిలిపినచో ఎవరైన తట్టుకొని పడుదురు. అట్టిచోట ఒంటికాలి స్టాండో, గోడమీద పెట్టిన చిన్న సంచియో మేలు.

లక్నవరము చెఱువులోని వ్రేలాడు వంతెన మీద స్టాండు పెట్టుట వ్యర్థము. నడచువారి అడుగు అడుగునకును వంతెన కదలును; దానితో స్టాండును కదలును. వంతెన మీద చేతితోనే త్వరగా తీసి, స్టాండును గట్టుమీద నిలుపుడు. వరంగల్లునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలలో ఆదిమానవులు వ్రాసిన రంగుబొమ్మలు రాతిచఱియల క్రింద కలవు. చఱియ నీడలో వెలుతురు తక్కువ. దారియో బండలెక్కి దిగునది. తేలిక స్టాండు విలువ తెలియునది అట్టిచోటనే. బొమ్మలను చేతితో గాని స్టాండు కాలితో గాని తాకరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ములుగు జిల్లా వాజేడు మండలములోని బొగత జలపాతము మనకు సుమారు 140 కిలోమీటర్లు. నీటి ధారను మెత్తగా చూపగోరువారికి అచ్చట స్టాండు తప్పదు. కాని నీటితుంపరలో తడిసిన బండలు నూనె పూసినట్లుండును. వరద ఉద్ధృతముగా నున్న దినములలో అధికారులు లోనికి పోనీయరు. ఆ మాట వినవలెను. అటవీశాఖ ఆధీనమునందలి చోట్ల వారి నియమములను ముందుగా తెలిసికొనుట మంచిది.

వేయిస్తంభముల గుడి, కోటలోని శిథిలములు, పాలంపేటలోని రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలోనివి. ఇట్టి కట్టడములలో స్టాండు నిలుపుటకు ముందుగా అనుమతి పొందవలెను. అనుమతి లేక మోసికొనిపోయినచో ద్వారముకడ విడిచి వెళ్లవలసివచ్చును. కావున కేవలము గుళ్లను మాత్రమే చూడబోవువారు స్టాండును ఇంటనే యుంచుట మేలు. లోపలి చూరునందలి శిల్పమును తీయుటకొక ఉపాయమున్నది. కావలివారి నడిగి, వారు సరేయన్నచో, నేలమీద రుమాలు మడిచిపెట్టి కెమేరాను వెల్లకిల పరుండబెట్టి, రెండు సెకనుల టైమరు పెట్టి చేయి తీసివేయవలెను. భూమికంటె గట్టి స్టాండు ఏ దుకాణమునందును దొరకదు.

రామప్ప గుడి మాట వచ్చినది గనుక మఱియొకటి చెప్పవలెను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చిరి. దాని గోపురమును నీటిలో తేలునంతటి తేలిక ఇటుకలతో కట్టిరి. పునాది క్రింద గోతిని త్రవ్వి ఇసుక నింపిరి. పైన భారము తగ్గించిరి. క్రింద కుదురు చేసిరి. మంచి స్టాండును ఎన్నుకొను సూత్రమును ఇదియే. బరువు వలననే స్థిరత్వము కలుగునని తలంచుట పొరపాటు. ఎత్తు తగ్గించుట, కాళ్లను వెడల్పుగా చాచుట, అవసరమైనప్పుడు మాత్రమే క్రింద భారము వ్రేలాడదీయుట - వీని వలన తేలిక స్టాండును గట్టిగా నిలుచును. ఆ భారమును ఇంటినుండి మోయనక్కఱలేదు. మన సంచియే చాలును.

ఇప్పుడు ఆధారముల రకములను తేలికైనవానినుండి క్రమముగా చెప్పెదము.

మొదటిది గింజల సంచి. దీనిని కొననక్కఱలేదు, ఇంట కుట్టుకొనవచ్చును. పాత జీన్సు గుడ్డను 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు వచ్చునట్లు రెండు ముక్కలు కత్తిరించి, మూడువైపుల రెండు వరుసల కుట్టు వేసి, నాలుగవవైపు జిప్పు పెట్టవలెను. లోపల వేఱొక పలుచని గుడ్డ సంచిలో సజ్జలో జొన్నలో పోసి, ముప్పాతిక వంతు మాత్రమే నింపవలెను. నిండుగా నింపినచో రాయివలె గట్టిపడి కెమేరాకు ఒదుగదు. బండమీద, గోడమీద దీనిని పెట్టి కెమేరాను అందులో కొంచెము ఒత్తినచో గింజలు జరిగి గూడువలె పట్టుకొనును. అరకిలో గింజలు చాలును. అదియు బరువనుకొన్నవారు తినుటకు తీసికొనిపోవు పల్లీల సంచినే అట్లు వాడవచ్చును. పని తీఱిన పిదప తినవచ్చును. వానకు తడిసిన గింజలు మొలకెత్తును గావున ఇంటికి రాగానే ఆరబోయవలెను.

రెండవది త్రాడు. కెమేరా అడుగుననుండు మరకు ప్రపంచమంతటను ఒకే కొలత - అంగుళములో నాలుగవ వంతు వెడల్పు, అంగుళమునకు 20 చుట్లు. ఆ కొలత గల, తల యందు కన్నము గల మర యొకటి సంపాదించి, దానికి నిలువెత్తు గట్టి త్రాడు కట్టవలెను. మరను కెమేరాకు బిగించి, త్రాడు రెండవ కొనను పాదము క్రింద తొక్కిపట్టి, కెమేరాను పైకి లాగిపట్టినచో చేతి వణకు చాలవఱకు తగ్గును. సెకను కాలము నిలుపలేదు గాని, సంధ్యవేళ చేతితో తీయలేని ఫొటోను దీనితో తీయవచ్చును. బరువు చెంగున ముడివేసికొనునంత.

మూడవది బల్లమీది చిన్న స్టాండు. జానెడుండును, సుమారు పావుకిలో తూగును. ఫోనునకు బిగింపు క్లిప్పుతో దొరకును. కొన్ని వందలనుండి రెండుమూడు వేల వఱకు వెల. బండ దొరికిన ప్రతిచోటను పనికివచ్చును. మన గుట్టలలో బండలకు కొదువ లేదు. కాళ్లు తీగవలె వంగునవియు కలవు; కొమ్మకును కమ్మీకిని చుట్టవచ్చును. అవి ఫోనునకు చాలును గాని, బరువైన కెమేరా పెట్టినచో మెల్లగా వ్రాలును.

నాలుగవది ఒంటికాలి స్టాండు, మోనోపాడ్ అందురు. సుమారు అరకిలో. తానై నిలువలేదు గావున మనము ఫొటోలో కూర్చుండుటకు పనికిరాదు. కాని గుట్ట దిగునప్పుడు ఊతకఱ్ఱగా నుండును. పిడి క్రింద కెమేరా మర గల ఊతకఱ్ఱలును దొరకుచున్నవి. మోకాళ్ల నొప్పిగల పెద్దలకు ఇది రెండు విధముల మేలు.

ఐదవది ప్రయాణపు మూడుకాళ్ల స్టాండు. ఒక కిలోనుండి కిలోన్నర వఱకు తూగును. ముడిచినచో మూరెడు, చాచినచో మనిషి ఱొమ్మెత్తు. నక్షత్రములు, జలపాతములు, ఇంటిల్లిపాది కలిసి నిలిచిన ఫొటోలు - వీనికి ఇదియే సరియైనది. కిలోన్నరకు పైబడినవానిని గుట్టలెక్కువారు కొననక్కఱలేదని మా యభిప్రాయము. అవి స్టూడియోకును పెండ్లి పందిళ్లకును తగినవి.

ఈ ఐదవ రకము కొనువారికి దుకాణదారు మొదట అడుగు ప్రశ్న "అల్యూమినియమా, కార్బన్ ఫైబరా?" అని. ఘన సెంటీమీటరునకు అల్యూమినియము 2.7 గ్రాములు తూగును. కార్బన్ ఫైబరు సుమారు 1.6 గ్రాములు. ఈ లెక్క చూచి స్టాండు బరువు దాదాపు సగమగునని ఆశపడరాదు. కాళ్ల గొట్టములు మాత్రమే మాఱును. కీళ్లు, బిగింపులు, పైతల రెంటను లోహమే. ఉదాహరణమునకు, పీక్ డిజైన్ అను సంస్థవారి ప్రయాణపు స్టాండు అల్యూమినియముతో సుమారు 1.56 కిలోలు, అదే నమూనా కార్బన్‌తో సుమారు 1.3 కిలోలు. అనగా తగ్గినది పావుకిలో మాత్రమే. వెలలో వ్యత్యాసము మాత్రము చాల ఎక్కువ. కార్బన్ గొట్టము వణకును త్వరగా అణచును, ఎండలో అంతగా కాలదు. కాని రాతి అంచు మీద గట్టిగా పడినచో చీలవచ్చును. అల్యూమినియము సొట్టపడి ఊరకుండును. నెలకొకసారి గుట్టలెక్కువారికి కార్బన్ తగును. ఏటికి రెండుసారులు పోవువారు అల్యూమినియము కొని, మిగిలిన సొమ్ముతో మంచి చెప్పులు కొనుట మేలు.

తరువాత చూడవలసినది కాలి మడతలు. కాలు నాలుగైదు ముక్కలైనకొలది ముడిచినప్పుడు పొట్టిదగును. కాని చివరి ముక్క పుల్లవలె సన్ననగును. కడ్డీ మందము రెండింతలైనచో దాని గట్టిదనము పదునాఱింతలగునని శాస్త్రము చెప్పును. దీనినిబట్టి సన్నని ముక్క ఎంత బలహీనమో తెలియును. కావున వాడునప్పుడు పైనున్న లావు ముక్కలను ముందుగా చాచి, సన్ననివానిని చివరకు, తప్పనప్పుడే లాగవలెను. నడుమనుండు నిలువుకడ్డీని పైకెత్తుటయు అట్లే; ఎత్తినంతనే మూడుకాళ్ల పీట మీద ఒంటికాలి పీట పెట్టినట్లగును.

పైతల విషయమున, బంతి తిరుగు కీలు గల బాల్‌హెడ్డు గుట్టలకు తగినది. చిన్నది, ఒక్క మరతో బిగియును. మూడు పిడుల తల బరువెక్కువ. దుకాణమున వ్రాసియుండు "ఇంత కిలోలు మోయును" అను అంకెను అట్లే నమ్మరాదు. మీ కెమేరా లెన్సుతో కూడ ఎంత తూగునో, దానికి రెండింతలు మూడింతలు మోయునట్టిది ఎన్నుకొనుడు. పాదములు రబ్బరువై యుండవలెను; ఇనుప మొనలు మట్టిలో మంచివి గాని, మన నల్లఱాతి బండమీద జాఱును.

దుకాణముననే పరీక్షింపుడు. కాళ్లను పూర్తిగా చాచి, బిగించి, పైన అఱచేతితో ఒత్తుడు. ఏ ముక్కయైనను లోనికి జాఱినచో వద్దనుడు. ఫోనును బిగించి, దూరపు వస్తువు పెద్దదిగా కనబడునట్లు చేసి, ఒక కాలిని వ్రేలితో తట్టి, ఎన్ని క్షణములకు బొమ్మ నిలుచునో లెక్కించుడు. రెండు మూడు స్టాండులను ఇట్లు పోల్చినచో వెల చీటీ చెప్పని సంగతులు తెలియును. చివరగా, మీరే విప్పి మీరే ముడువుడు. మీ వ్రేళ్ల బలమునకు బిగింపులు లొంగనిచో అది మీకు తగినది కాదు. "ఇంట మావారు విప్పుదురు లెండి" అనుకొని కొన్న స్టాండు మావారు రాని దినమున పనికిరాదు.

కొనుటకు ముందు మఱియొక పరీక్ష కలదు. దీనికి పైసా ఖర్చు లేదు. లీటరు నీరు ఒక కిలో తూగును. తరువాతి ప్రయాణమున మామూలు సామానుకు అదనముగా ఒక లీటరు సీసాను సంచిలో పెట్టుకొని, దానిని త్రాగక గుట్ట యెక్కి దిగుడు. ఇంటికి వచ్చిన పిదప "దీనిని ప్రతిసారియు మోయగలనా?" అని మిమ్ము మీరే అడుగుకొనుడు. మోయగలనన్నచో ప్రయాణపు స్టాండు కొనుడు. లేదన్నచో చిన్న స్టాండును గింజల సంచియు చాలును. అందులో చిన్నతనమేమియు లేదు. మోసినవారు మీరు, తూచవలసినవారును మీరే. ఇంట వేఱొకరు మోయుదుమని మాట యిచ్చినచో మంచిదే. ఆ సీసాను ఒకసారి వారి భుజమున పెట్టి చూడుడు.

వాడు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. వాలు నేలమీద రెండు కాళ్లు పల్లమువైపు, ఒక కాలు మిట్టవైపు నుండవలెను. గాలి వీచునప్పుడు ఎత్తు తగ్గించి, నడుమ కొక్కెమునకు సంచిని తగిలింపుడు; సంచి అడుగు నేలను కొంచెము తాకునట్లుండవలెను, లేనిచో ఉయ్యాలవలె ఊగి స్టాండును తానే కదలించును. కెమేరా గట్టిగా నిలిచిన పిదప చేతి వణకును సరిదిద్దు మీటను ఆపుట మంచిది. కొన్ని కెమేరాలలో అది లేని వణకును వెదకి బొమ్మను చెఱచును. మీట నొక్కు వ్రేలు కూడ కెమేరాను కదల్చును గావున రెండు సెకనుల టైమరు వాడుడు. మీరును పిల్లలతో కూర్చుండదలచినచో పది సెకనులు పెట్టుకొనుడు. కాని బండమీద పరుగెత్తరాదు. ఫోనుతో పనిచేయు చిన్న మీట దొరకును. దానిని చేతబట్టి ముందే కూర్చుండి నొక్కుట క్షేమము.

క్షేమము మాట వచ్చినది గనుక గట్టిగా చెప్పుచున్నాము. స్టాండు బరువు కొఱకు నీళ్లను తగ్గించి పోరాదు. ఎక్కునప్పుడును దిగునప్పుడును స్టాండు సంచికి కట్టియుండవలెనేగాని చేతిలో నుండరాదు. బండ పట్టుకొనుటకు రెండు చేతులును కావలెను. చీర కట్టినవారు కొంగును నడుమున దోపుకొనవలెను. లోయ అంచున స్టాండు పెట్టి, కెమేరాలో చూచుచు వెనుకకు అడుగు వేయరాదు. పిల్లవానిని చూచువారు వేఱొకరుండిననే స్టాండును విప్పవలెను. ఏ చిత్రమును ఒక కాలు బెణకునంత విలువైనది కాదు.

మా సలహాను సంగ్రహముగా చెప్పెదము. ఫోను మాత్రమే గలవారు చిన్న స్టాండుతో ప్రారంభింపుడు. కెమేరా గలవారు మొదట గింజల సంచిని కుట్టుకొని మూడు ప్రయాణములు చేయుడు. ఆ మూడింటిలో "ఇచ్చట స్టాండుండిన బాగుండెడిది" అని ఎన్నిసారులు అనిపించినదో వ్రాసికొనుడు. ఒకటి రెండుసారులైనచో కొననక్కఱలేదు. ప్రతిసారియు అనిపించినచో, కిలోకును కిలోన్నరకును నడుమనున్నదానిని, మీ చేతులతో విప్పి చూచి కొనుడు. ఎంత మంచి స్టాండైనను ఇంట నున్నప్పుడు ఏ కెమేరానును పట్టుకొనదు. గుట్టమీదికి మీతో వచ్చునదియే మంచి స్టాండు.

గింజల సంచి కుట్టినవారు ఏ గుడ్డ, ఏ గింజ అనుకూలపడినదో మాకు వ్రాయుడు. తక్కిన సోదరీమణులకు తెలిపెదము. ఫొటో పంపువారు, మీరును అందులో ఉన్నదానినే పంపుడు.